వెనక అర్రకు వైఫై: రెండో రౌటర్ పని ఎక్కడిదాకా వచ్చిందంటే

నల్గొండలో మాది తాత కట్టించిన ఇల్లు. రాతి గోడలు, అడుగున్నర మందం. ఫైబర్ నెట్ డబ్బా, అంటే మొదటి రౌటర్, వీధి వైపు అర్రలో ఉంది, ప్లాన్ 100 ఎంబీపీఎస్. డబ్బా ముందు కూర్చుంటే మొత్తం వస్తుంది. రెండు గోడలు దాటి అమ్మ ఉండే వెనక అర్రకు పోతే వీడియో కాల్ ఆగిపోతుంది. "బిడ్డా, తమ్ముని మొఖం కదుల్తలేదు" అంటూ ఫోన్ పట్టుకుని వాకిట్లోకి వచ్చేది. మే నెల ఎండలో ఆమె అట్లా నిలబడటం చూడలేక ఈ పని మొదలుపెట్టాను.

మొదటి ఆదివారం. ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్ వేసుకుని అర్ర అర్రకూ తిరిగి సిగ్నల్ రాసుకున్నాను. డబ్బా దగ్గర మైనస్ 42 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత), నడిమి అర్రలో మైనస్ 68, అమ్మ మంచం దగ్గర మైనస్ 84. సున్నాకు ఎంత దగ్గరుంటే అంత బలం. స్పీడ్ ఎక్కువ, దూరం తక్కువ ఉండే 5 గిగాహెర్ట్జ్ వైఫై సిగ్నల్ అయితే రెండో గోడ దాటలేదు. దోస్తు దగ్గర రిపీటర్ (వైఫైని అందుకుని ముందుకు పంపే డబ్బా) తెచ్చి నడిమి అర్రలో పెడితే వెనక 22 ఎంబీపీఎస్ వచ్చింది. అది ఒకే రేడియోతో విని, మళ్లీ దానితోనే పంపుతుంది కాబట్టి స్పీడ్ సగానికి పైగా పోతుంది. తిరిగి ఇచ్చేశాను. రాతి ఇంటికి వైరే దిక్కు.

రెండో ఆదివారం. క్యాట్ 6 కేబుల్ (ఎనిమిది తీగల నెట్‌వర్క్ వైరు) 30 మీటర్లు తెచ్చాను. పూర్తి రాగిదే అడిగి తీసుకోండి, అల్యూమినియం మీద రాగి పూసినది చౌకే కానీ తొందరగా విరుగుతుంది. మిద్దె మీద నుంచి ఊరికే వేశాను. నాలుగో రోజుకే కోతులు గుంజి తెంపాయి. ఈసారి ముప్పావు అంగుళం పైపులో వేసి, గోడకు క్లాంపులు కొట్టాను. కరెంటు వైరుకు జానెడు దూరం ఉంచాను. కేబుల్‌ను పైపులో నుంచి లాగాకే దాని చివర్లకు కనెక్టర్లు కొట్టాలి. రంగుల వరుస రెండు చివర్లా ఒకటే: తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. కేబుల్ టెస్టర్‌లో మూడో తీగ లైటు వెలగలేదు. కోసి మళ్లీ కొడితే ఎనిమిదీ వెలిగాయి.

అసలు టెన్షన్ తర్వాత మొదలైంది. అలమారలో ఉన్న పాత రౌటర్‌ను వెనక అర్రలో పెట్టి, వైరు దాని ల్యాన్ పోర్టులో (ఇంట్లో పరికరాలు కలిపే సాకెట్) గుచ్చాను. సాయంత్రానికి ఒక ఫోన్‌లో నెట్ ఉంది, ఇంకోదాంట్లో లేదు. ప్రింటర్ ఒకసారి కనబడితే మరోసారి లేదు. కారణం, రెండు డబ్బాల ఐపీ (నెట్‌వర్క్ అడ్రస్) ఒకటే, 192.168.1.1. పైగా రెండూ డీహెచ్‌సీపీతో, అంటే అడ్రసులు వాటంతట అవే ఇచ్చే పద్ధతితో, ఫోన్లకు ఐపీలు పంచుతున్నాయి. పాతదాని దగ్గర ఐపీ తీసుకున్న ఫోన్ నెట్ కోసం దాన్నే అడుగుతోంది, దానికేమో బయటికి దారి లేదు. వైరును వ్యాన్ పోర్టులో (బయటి నెట్ వచ్చే సాకెట్) పెడితే నెట్ వస్తుంది కదా అనిపించవచ్చు. కానీ అప్పుడు ఇంట్లో రెండు నెట్‌వర్కులు అవుతాయి, ముందర ఉన్న ప్రింటర్ వెనక ఉన్న ఫోన్లకు మామూలుగా కనబడదు, పైగా పాతదాని లోపలి అడ్రస్ కూడా మార్చాలి. మాకు కావాల్సింది ఇంకో రౌటర్ కాదు, వైఫై ఇచ్చే ఇంకో చోటు.

మూడో ఆదివారం అన్నీ పీకి వరుసగా చేశాను. పాత రౌటర్‌ను ల్యాప్‌టాప్‌కు మాత్రమే కలిపి, ల్యాన్ ఐపీని 192.168.1.2 చేశాను. ముందర డబ్బా 192.168.1.10 నుంచి పైకే పంచుతుంది కాబట్టి ఢీకొనదు. డీహెచ్‌సీపీ ఆఫ్ చేశాను. వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం రెండింటికీ ఒకటే. గోడలు మెరుగ్గా దాటే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌లో, ఒకదానికొకటి అడ్డు రాకుండా, ముందర ఛానెల్ 1, వెనక 11. ఆ తర్వాతే ల్యాన్ నుంచి ల్యాన్‌కు వైరు కలిపాను. అమ్మ మంచం దగ్గర మైనస్ 46, స్పీడ్ 93. పాత రౌటర్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే, మా ప్లాన్‌కు అది చాలు.

అమ్మ నడుస్తూ మాట్లాడితే ఫోన్ ముందర సిగ్నల్‌నే పట్టుకుని వేలాడేది. ఎప్పుడు మారాలో ఫోనే నిర్ణయించుకుంటుంది. ముందర డబ్బా 2.4 పవర్‌ను మీడియంకు దించాక త్వరగా మారుతోంది.

కరెంటు పోతే రెండూ నడవాలని మినీ యూపీఎస్ (రౌటర్‌కు చిన్న బ్యాటరీ డబ్బా) తెచ్చాను. ముందర డబ్బాది 12 వోల్టులు, పాతదానిది 9. అడాప్టర్ మీద చూసి, యూపీఎస్‌లో సరైన వోల్టుల పిన్నుకే కలపండి, తప్పితే రౌటర్ కాలిపోవచ్చు. ప్రస్తుతం ముందరదానికే ఉంది. వెనకదానికి వచ్చే నెల జీతం రాగానే తెస్తాను. పెరట్లో వేపచెట్టు కింద ఇంకా మైనస్ 79 ఉంది, అమ్మ సాయంత్రం కూర్చునేది అక్కడే. రౌటర్‌ను కిటికీ దగ్గరికి జరిపి ఈ ఆదివారం మళ్లీ కొలుస్తాను.