తాతయ్య ఆర్మీ నంబరు

"తాతగారి సర్వీసు నంబరు ఉందామ్మా?" అని కౌంటర్లో అబ్బాయి అడిగాడు. నేనింకా ఫైల్లో కాగితాలు వెతుకుతూనే ఉన్నా, నానమ్మ గడగడా అప్పజెప్పేసింది. తన ఫోన్ నంబరు నన్నడిగే మనిషి!

ఏటా నవంబరులో ఫ్యామిలీ పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలిగా, అందుకే వెళ్ళాం.

"ఎలా గుర్తుందే?" అంటే, "ఉత్తరాల మీద రాసీ రాసీ..." అంది. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, చివర్న కేరాఫ్ 56 ఏపీవో, అంటే ఆర్మీ పోస్టాఫీసు. అంతే. ఊరుండదు, రాష్ట్రముండదు. 1971లో ఓ ఉత్తరం మీద ఆ 56 కాస్తా 99 అయిందట. తూర్పుకి పంపేశారని పోస్టుమాస్టరు చెప్తేగానీ తెలీలేదట. డిసెంబరు 16న ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయిందని రేడియోలో విన్నాక కూడా, ఆయన చేతిరాత కళ్ళబడేదాకా ముద్ద దిగలేదంది.

తాతయ్య మాకివేవీ చెప్పలేదు. ఆ యుద్ధంలో తూర్పువైపు పనిచేసినవాళ్ళకిచ్చిన పూర్వీ స్టార్ పతకం బీరువాలో బట్టల కింద పడుండేది. యుద్ధం సంగతి అడిగితే అక్కడి జలగల గురించి మొదలెట్టేవాడు. మా ఊరేమీ మిలటరీ మాధవరం కాదు, ఇంటికో సిపాయి ఉండి సరదాగా కబుర్లాడుకోడానికి. వినడానికి మేమే దిక్కు.

ఆ జలగల కథలు మాత్రం బోలెడున్నాయి. ఇంకోసారి రాస్తా.