కేబినెట్‌లో కలర్ లైట్లు: ముందు కరెంటు లెక్క, తర్వాతే రంగులు

కంప్యూటర్ కేబినెట్‌లో రంగులు మారే లైట్లు పెట్టుకోవాలి అని ఎవరు అడిగినా నేను మొదట అడిగేది ఒకటే, మీరు కొన్నది 5 వోల్టులదా 12 వోల్టులదా అని. ఇది తేలకుండా మిగతాదేం మాట్లాడినా వేస్టే. 4 పిన్నుల కనెక్టర్ ఉంటే అది 12 వోల్టుల మామూలు ఆర్‌జీబీ (రెడ్, గ్రీన్, బ్లూ కలిపి రంగులిచ్చేది), అందులో స్ట్రిప్ మొత్తం ఒకే రంగులో వెలుగుతుంది, ఒక్కో లైటుకి ఒక్కో రంగు ఇవ్వడం కుదరదు. 3 పిన్నులు ఉండి ఒక పిన్ను చోటు ఖాళీగా ఉంటే అది 5 వోల్టుల ఏఆర్‌జీబీ, అంటే ఒక్కో లైటుకి విడిగా రంగు ఇవ్వగలిగేది, పిన్నుల వరస ఒక చివర 5 వోల్టులు, దాని పక్కన డేటా, తర్వాత ఖాళీ, అటు చివర గ్రౌండ్ (మైనస్). ఇవి తగిలించే పిన్నుల వరసలు, అంటే హెడర్లు, రెండూ మదర్‌బోర్డు మీద పక్కపక్కనే కనబడతాయి చాలా బోర్డుల్లో, 5 వోల్టుల స్ట్రిప్‌కి పొరపాటున 12 వోల్టులు తగిలితే చిప్పులు మాడిపోతాయి, మళ్ళీ బతకవు. బోర్డు మీద హెడర్ పక్కన చిన్నక్షరాల్లో 5 వోల్టులా 12 వోల్టులా అని రాసి ఉంటుంది, మొబైల్ టార్చ్ వేసుకుని చదవండి, రెండు నిమిషాల పని.

ఈమధ్య మా బాబాయ్ వాళ్ళ అబ్బాయికి ప్లైవుడ్‌తో కేబినెట్ చేయించాం, వీధి చివర వడ్రంగి షాపులోనే, ముందువైపు అంచుల చుట్టూ గాడి కొట్టించి అందులో లైట్లు పెట్టాలని ప్లాన్. సామాను సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొంత, కోఠి గుజరాతీ గల్లీలో కొంత తెచ్చుకున్నాం. వాడికి రంగుల మీదే ధ్యాస అంతా, ఏ ఎఫెక్ట్ పెడదాం అన్నా అని అడుగుతూనే ఉన్నాడు, నేను మాత్రం కరెంటు లెక్క తేలేదాకా ఆ మాట ఎత్తనివ్వలేదు. నాకు గట్టి నమ్మకం ఏంటంటే ఈ లైట్లతో వచ్చే తలనొప్పుల్లో ఎక్కువ భాగం సాఫ్ట్‌వేర్ వల్ల రావు, కరెంటు సరిగ్గా అందక వస్తాయి, లేదంటే గ్రౌండ్ కలపక వస్తాయి.

మేం వాడింది డబ్ల్యూఎస్2812బీ స్ట్రిప్, మీటరుకి 60 లైట్లు ఉండేది. వెలిగించకుండా ఒక్క ఎల్‌ఈడీని భూతద్దంలో చూడండి, చాలా బాగుంటుంది, 5 మిల్లీమీటర్ల తెల్ల డబ్బాలో మూడు చిన్న గింజలు రెడ్, గ్రీన్, బ్లూవి, వాటి పక్కనే ఒక నల్లటి చిప్పు, వాటి మధ్య వెంట్రుక కంటే సన్నటి తీగలు. ఆ చిప్పే కంట్రోలర్, ప్రతి లైటులోనూ ఒకటి ఉంటుంది. డేటా వైరు మీద బిట్లు వరసగా వస్తుంటే మొదటి లైటు తన వాటా 24 బిట్లు (ఒక్కో రంగుకి 8) తీసుకుని మిగతాది పక్కదానికి పంపిస్తుంది, పెళ్ళి పంక్తిలో విస్తరాకుల కట్ట చేతులు మారినట్టు. ఒక్కో బిట్‌కి 1.25 మైక్రోసెకన్లు, మాకు 90 లైట్లు అంటే 2160 బిట్లు, అన్ని లైట్లకీ ఒక విడత డేటా 2.7 మిల్లీసెకన్లలో వెళ్ళిపోతుంది, కంటికి ఆలస్యమే తెలీదు. ఈ పద్ధతి వల్లే ఇంకో సంగతి కూడా ఉంది, మధ్యలో ఒక లైటు పోతే దాని తర్వాతవన్నీ ఆగిపోతాయి. అలా అయితే ఆరిపోయిన వాటిల్లో మొదటిదాన్నీ, దాని ముందు వెలుగుతున్న ఆఖరిదాన్నీ రెండిటినీ అనుమానించాలి, ఎందుకంటే ముందుది డేటా బయటికి పంపకపోయినా ఇలాగే కనిపిస్తుంది.

ఇప్పుడు లెక్క. ఒక్కో లైటు ఫుల్ వైట్‌లో సుమారు 60 మిల్లీఆంపులు తాగుతుంది, ఒక్కో రంగుకి 20 చొప్పున. 90 లైట్లకి 5.4 ఆంపులు. మదర్‌బోర్డు ఏఆర్‌జీబీ హెడర్ మామూలుగా 3 ఆంపులే ఇస్తుంది. హార్డ్‌డిస్కులకి వాడే సాటా పవర్ కనెక్టర్ తీసుకున్నా 5 వోల్టులకి అందులో మూడు పిన్నులు, పిన్నుకి 1.5 చొప్పున 4.5 ఆంపులు. అంటే ఫుల్ బ్రైట్‌నెస్‌లో తెల్లరంగు పెడితే రెండూ చాలవు. ఎస్‌ఎంపీఎస్‌లో (కంప్యూటర్ పవర్ సప్లై) 5 వోల్టుల లైనుకి దమ్ము బాగానే ఉంటుంది, ఇబ్బంది అంతా మధ్యలో ఉండే కనెక్టర్లతోనే. అందుకే నేను పాత పెద్ద మోలెక్స్ కనెక్టర్ నుంచి లైన్ తీశా, అందులో ఎర్రవైరు 5 వోల్టులు, పసుపు 12, మధ్యలో రెండు నల్లవి గ్రౌండ్. ఈమధ్య మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్‌లకి వైర్లన్నీ నల్లగానే ఇస్తున్నారు కాబట్టి రంగు చూసి కలిపేయకండి, మల్టీమీటర్ పెట్టి 5 కనబడ్డాకే ముందుకెళ్ళండి. ఎర్రవైరు మీద ఒక 3 ఆంపుల ఫ్యూజు కూడా పెట్టా, కరెంటు 2 ఆంపులు దాటకుండా సాఫ్ట్‌వేర్‌లో కట్టేశాం (కింద చెప్తా) కాబట్టి అది చాలు, చెక్క కేబినెట్ కదా, ఆ విషయంలో నేను రాజీ పడను.

స్ట్రిప్ పొడుగుంటే ఇంకో లక్షణం చూస్తారు, తెల్లరంగు పెడితే మొదట్లో తెల్లగానే ఉండి చివరికి వెళ్ళేసరికి పసుపు, ఆ తర్వాత ఎరుపు తిరుగుతుంది. లైట్లు పాడయ్యాయని స్ట్రిప్ మార్చేస్తుంటారు చాలామంది, అవసరం లేదు. స్ట్రిప్‌లోని రాగి చాలా పల్చగా ఉంటుంది, అంత దూరం వెళ్ళేసరికి వోల్టేజీ పడిపోతుంది, రెడ్‌కి 2 వోల్టుల చిల్లర ఉంటే చాలు వెలుగుతుంది కానీ గ్రీన్, బ్లూకి 3 దాకా కావాలి, అవి ముందు డల్ అయిపోతాయి. చివరి నుంచి కూడా 5 వోల్టులు, గ్రౌండ్ ఇంకో జత వైర్లతో ఇచ్చేస్తే సరిపోతుంది. డేటా మాత్రం ఒకవైపు నుంచే, స్ట్రిప్ మీద బాణం గుర్తు ఎటు చూపిస్తే అటు. మూలల దగ్గర స్ట్రిప్ పక్కకి వంగదు, రాగి ప్యాడ్ల మధ్య గీత మీద కత్తిరించి మూడు చిన్న వైర్లతో కలపాలి. ముందు ప్యాడ్ మీద కొంచెం సోల్డర్, వైరు కొసకి కొంచెం సోల్డర్ విడివిడిగా పట్టించి తర్వాత రెండూ తాకించి ఒక్క సెకను వేడి ఇస్తే చక్కగా అతుక్కుంటుంది, ఎక్కువసేపు పెడితే ప్యాడే ఊడొచ్చేస్తుంది.

మొత్తం స్ట్రిప్‌కి డేటా పంపడానికి ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డు పెట్టాం. మదర్‌బోర్డు హెడర్ ఉండగా ఇదెందుకు అని మావాడు అడిగాడు, నిజమే, ఫ్యాన్ల లైట్ల వరకు అయితే హెడరే సుఖం, నేను కూడా ఫ్యాన్లకి అదే వాడా. కానీ కేబినెట్ ముందువైపు ఫ్రేమ్‌కి సొంతంగా రాసుకున్న ఎఫెక్టులు కావాలి, కరెంటు ఎక్కువ కావాలి, పైగా విండోస్ మార్చినా లినక్స్ వేసినా లైట్లు వాటంతట అవి నడవాలి, అందుకని. ఒక చిక్కు ఏంటంటే ఈఎస్‌పీ32 డేటా పిన్ను 3.3 వోల్టులు ఇస్తుంది, ఈ ఎల్‌ఈడీ మాత్రం సప్లై వోల్టేజీలో 70 శాతం అంటే 3.5 వస్తేనే దాన్ని 1 అని లెక్క పెట్టుకుంటుంది. చాలాసార్లు పనిచేసేస్తుంది కూడా, కానీ అంచు మీద నడిచే వ్యవహారం, ఒకరోజు బాగుండి ఇంకోరోజు మినుకుమినుకుమంటుంది. మధ్యలో 74ఏహెచ్‌సీటీ125 అనే చిప్పు పెడితే డేటా 5 వోల్టులకి పెరుగుతుంది, నేనైతే అది లేకుండా కేబినెట్ మూయను. డేటా వైరులో 330 ఓమ్స్ రెసిస్టర్, స్ట్రిప్ మొదట్లో పవర్‌కి అడ్డంగా 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాని ప్లస్ మైనస్ చూసుకుని పెట్టాలి. ఇక గ్రౌండ్ గురించి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ఈఎస్‌పీ గ్రౌండ్, స్ట్రిప్ గ్రౌండ్, ఎస్‌ఎంపీఎస్ గ్రౌండ్ మూడూ కలవాల్సిందే, లేకపోతే డేటాకి అర్థమే ఉండదు, లైట్లు పిచ్చిపిచ్చి రంగులు చూపిస్తాయి. బోర్డుకి మోలెక్స్ నుంచి 5 వోల్టులు ఇస్తున్నప్పుడు యూఎస్‌బీ కేబుల్ కూడా పెట్టి ఉంచొద్దు, ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు మోలెక్స్ తీసేసి యూఎస్‌బీ పెట్టుకోండి.

బోర్డులో వేసింది డబ్ల్యూఎల్‌ఈడీ అనే ఫ్రీ ఫర్మ్‌వేర్ (బోర్డు లోపల నడిచే ప్రోగ్రామ్), ఓపెన్ సోర్సు, బ్రౌజర్ నుంచే ఎక్కించేయొచ్చు, కోడ్ రాయక్కర్లేదు. మొదటిసారి ఆన్ చేస్తే సొంత వైఫై ఇస్తుంది, ఫోన్‌లో దానికి కనెక్ట్ అయ్యి 4.3.2.1 అని కొడితే సెట్టింగ్స్ వస్తాయి. ఇంటి వైఫై 2.4 గిగాహెర్ట్జ్‌దే ఇవ్వాలి, ఈ ఈఎస్‌పీ32కి 5 గిగాహెర్ట్జ్ కనబడదు. తర్వాత అందులో నింపాల్సింది లైట్ల సంఖ్య 90, పిన్ను నంబరు, రంగుల వరస జీఆర్‌బీ (గ్రీన్, రెడ్, బ్లూ). ఈ వరస తప్పితే ఎరుపు నొక్కితే ఆకుపచ్చ వెలుగుతుంది, కంగారు పడక్కర్లేదు, ఆ ఒక్కటి మార్చుకుంటే చాలు. అన్నిటికంటే నాకు నచ్చింది అందులో బ్రైట్‌నెస్ లిమిటర్, 2000 మిల్లీఆంపులు దాటొద్దు అని రాసి పెడితే రంగులని బట్టి ఎంత కరెంటు అవుతుందో అంచనా వేసి తనే తగ్గించుకుంటుంది. అది లెక్క కట్టడమే తప్ప కొలవడం కాదు, కాబట్టి ఫ్యూజు మాత్రం తీయొద్దు.

వెలుగు నేరుగా కంట్లో పడితే చుక్కలు చుక్కలుగా చీప్‌గా ఉంటుంది. సైన్‌బోర్డులు చేసే షాపుల్లో మిల్కీ యాక్రిలిక్ ముక్కలు దొరుకుతాయి, అదే వేశాం. మీటరుకి 60 అంటే లైటుకి లైటుకి మధ్య 16-17 మిల్లీమీటర్లు, యాక్రిలిక్‌కీ స్ట్రిప్‌కీ మధ్య కూడా కనీసం అంత దూరం ఉంటేనే చుక్కలు కలిసిపోయి ఒకే గీతలాగా కనిపిస్తుంది, అందుకే వడ్రంగితో గాడి 20 మిల్లీమీటర్లు లోతు కొట్టించా. స్ట్రిప్‌ని చెక్కకి డైరెక్టుగా అతికించలేదు, ఫాల్స్ సీలింగ్ వాళ్ళు వాడే అల్యూమినియం ప్రొఫైల్‌లో పెట్టాం, వేడి లాగేస్తుంది.

ఫ్యాన్ల లైట్లకీ ర్యామ్ లైట్లకీ ఓపెన్‌ఆర్‌జీబీ అనే ప్రోగ్రామ్ వాడుతున్నాం, ఒక్కో కంపెనీ సాఫ్ట్‌వేర్ ఒక్కోటి వేసుకునే పని తప్పుతుంది, లినక్స్‌లో కూడా నడుస్తుంది. కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉంటే ముందు తీసేయండి, ర్యామ్ లైట్లు మదర్‌బోర్డులోని ఎస్‌ఎంబస్ అనే డేటా లైను మీద నడుస్తాయి, రెండు ప్రోగ్రాములు ఒకేసారి దాంతో మాట్లాడితే గొడవే. హెడర్‌కి ఎన్ని లైట్లు తగిలించారో ఓపెన్‌ఆర్‌జీబీకి తెలీదు, జోన్ సైజు, అంటే ఆ లైట్ల లెక్క, మీరే ఇవ్వాలి. డబ్ల్యూఎల్‌ఈడీని కూడా ఇందులోంచే ఈ1.31 అనే పద్ధతిలో నెట్‌వర్క్ మీద నడపొచ్చు, అందులో యూనివర్స్ అనే ఒక్కో కట్టలో 512 చానళ్ళు, లైటుకి మూడు చొప్పున అంటే 170 లైట్లు పడతాయి, మా 90కి ఒక్కటి చాలు. ఫ్యాన్లన్నీ ఒక హబ్‌కి పెట్టారనుకోండి, మామూలు హబ్ ఒకే డేటాని అందరికీ పంచుతుంది, అన్ని ఫ్యాన్ల లైట్లూ ఒకేలా వెలుగుతాయి, ఒక ఫ్యాను నుంచి ఇంకో ఫ్యానుకి రంగు పారాలంటే ఒకదాని వెనక ఒకటి తగిలించే ఫ్యాన్లు కావాలి.

చివరికి మావాడు రెయిన్‌బో వద్దన్నాడు, నాకు చాలా సంతోషం వేసింది. ప్రాసెసర్ వేడిని బట్టి ఫ్రేమ్ రంగు మారేలా చేశాం, 50 డిగ్రీల లోపు డల్ బ్లూ, పైకెళ్ళే కొద్దీ ఆరెంజ్, 80 దాటితే ఎరుపు. చిన్న పైథాన్ స్క్రిప్ట్ వేడి చదివి డబ్ల్యూఎల్‌ఈడీకి వైఫైలో రంగు పంపిస్తుంది. ప్రాసెసర్ టెంపరేచర్ ఊరికే ఎగిరిపడుతూ ఉంటుంది, బ్రౌజర్ తెరిచినా పది పదిహేను డిగ్రీలు పైకి పోయి వెంటనే దిగుతుంది, అందుకని గత 20 సెకన్ల సగటు తీసుకుని దాన్ని బట్టి రంగు మారుస్తున్నాం, ఇప్పుడు గేమ్ ఆడేటప్పుడు మెల్లగా రంగెక్కుతుంది, ఆపాక మెల్లగా దిగుతుంది. లైట్లు ఇలా ఒక సంగతి చెప్తే వాటికి పెట్టిన డబ్బులు దండగ అనిపించదు.

పీసీ షట్‌డౌన్ చేసినా లైట్లు వెలుగుతూనే ఉన్నాయి ఎందుకు అని చాలామంది అడుగుతారు కాబట్టి అదీ చెప్తా. మోలెక్స్ నుంచి తీసిన 5 వోల్టులు పీసీతో పాటే ఆగిపోతాయి, దానికి ఈ బాధ లేదు. మదర్‌బోర్డు హెడర్లు మాత్రం కొన్ని బోర్డుల్లో స్టాండ్‌బై కరెంటు (పీసీ ఆపినా ఉండేది) మీద ఉంటాయి, బయోస్‌లో సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు లైట్లు ఆపే ఆప్షన్ ఉందేమో చూడండి, లేకపోతే ఈఆర్‌పీ అనే కరెంటు పొదుపు ఆప్షన్ ఆన్ చేయండి. ఈఆర్‌పీ పెడితే షట్‌డౌన్ అయ్యాక యూఎస్‌బీ పోర్టులకి కూడా కరెంటు ఆగిపోతుంది, కీబోర్డు నొక్కి పీసీ ఆన్ చేసే అలవాటు ఉన్నా, రాత్రి ఫోన్‌ని పీసీకే చార్జింగ్ పెట్టే అలవాటు ఉన్నా అది చూసుకుని పెట్టుకోండి.