ఐఈఎల్‌టీఎస్ రీడింగ్: తెలిసిన సంగతితోనే తంటా

ఐఈఎల్‌టీఎస్ అనేది విదేశీ చదువులకు రాసే ఇంగ్లిష్ పరీక్ష. దాని అకడమిక్ రీడింగ్‌లో గంటలో మూడు పాసేజ్‌లు చదివి 40 ప్రశ్నలకు జవాబులు పెట్టాలి. సుమారు 30 సరైతే 7 బ్యాండ్ (స్కోరు). నన్ను బాగా సతాయించింది మాత్రం ‘ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్’ ప్రశ్నలే. ఇచ్చిన మాట పాసేజ్‌తో కలిస్తే ట్రూ, పాసేజ్ దాన్ని కాదంటే ఫాల్స్, దాని గురించి పాసేజ్ ఏమీ చెప్పకపోతే నాట్ గివెన్.

కోచింగ్‌లో సార్ ఎవరినీ ‘ఎందుకు ట్రూ’ అని అడిగేవారు కాదు. ‘ఎక్కడుందో వేలు పెట్టి చూపించమ్మా’ అనేవారు. వేలు కాగితం మీద తిరుగుతూనే ఉంటే అది నాట్ గివెన్.

హాస్టల్లో నేనూ నా రూమ్మేటూ సొంతంగా చిన్న పేరాలు రాసి ఒకరికొకరు ప్రశ్నలు వేసుకునేవాళ్ళం. మాది గోదావరి జిల్లా కాబట్టి తను కావాలనే ధవళేశ్వరం ఎత్తుకుంది: ‘ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. ఆ తర్వాత డెల్టాలో వరి సాగు పెరిగింది.’ రెండే వాక్యాలు.

పని ఐదేళ్ళపాటు సాగిందా? ట్రూ. ఆ మాట పేరాలో లేకపోయినా లెక్క అక్కడే ఉంది. 1850కల్లా పూర్తయిందా? ఫాల్స్, 1852 అని అచ్చంగా ఉంది. ఆనకట్టకు ముందు ఆ ప్రాంతం కరువులు చూసిందా? ఊరూరా కాటన్ దొర విగ్రహం ఉన్నచోట పుట్టినవాళ్ళకి ఇదొక ప్రశ్నా! కానీ పేరాలో కరువు ఊసే లేదు. నాట్ గివెన్. వరి పెరిగింది ఆనకట్ట వల్లేనా? దీని మీద ఆ రాత్రి పెద్ద వాదనే నడిచింది. వాస్తవంగా అవుననే అనాలి. అయితే పేరాలో ఉన్నది ‘ఆ తర్వాత’ అని, ‘అందువల్ల’ అని కాదు. ఇదీ నాట్ గివెన్నే.

అప్పట్నుంచి ప్రశ్నలో ‘అన్నీ’, ‘మాత్రమే’, ‘ఎక్కువ’, ‘వల్ల’ లాంటి మాటలు కనిపిస్తే వాటి కింద గీత గీసి, అంత బరువైన మాట పాసేజ్‌లోనూ ఉందా అని చూడటం అలవాటైంది. ‘కొందరు’ అన్నదాన్ని ‘చాలామంది’ చేసేది మన బుర్రే. ఫాల్స్ పెట్టాలంటే ప్రశ్నను కాదనే వాక్యం ఒకటి దొరకాలి, సమర్థించే వాక్యం లేకపోవడం చాలదు.

ఇంకో ఊతం, ఈ రకం ప్రశ్నలకు జవాబులు పాసేజ్ వరుసలోనే వస్తాయి. 5వ ప్రశ్న జవాబు రెండో పేరాలో, 7వది మూడో పేరాలో దొరికితే 6వదాన్ని ఆ మధ్యలోనే వెతకాలి. అక్కడ లేదంటే పాసేజ్ మొత్తం మళ్ళీ తిరగేసి టైమ్ పోగొట్టుకోనక్కర్లేదు.

పరీక్షలోనూ ఒకటి రెండుచోట్ల వేలు పెట్టడానికి వాక్యం దొరకలేదు. నాట్ గివెన్ పెట్టి ముందుకెళ్ళాను. తప్పుకి మార్కులు కోయరు కాబట్టి ఒక్కటీ ఖాళీ వదల్లేదు. రీడింగ్‌లో 8 వచ్చింది. రైటింగ్‌లో 6.5, దాని కథ వేరే.