ఆర్మగాన్ నుంచి రామాయపట్నం దాకా, వెనక రెండు గాలాలు

మా బావ మర్చంట్ నేవీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాక ఒక పాత తెరచాప పడవ కొన్నాడు. మార్చిలో దాన్ని చెన్నై నుంచి విశాఖకి తీసుకెళ్దామన్నాడు. సుమారు 325 నాటికల్ మైళ్ల దారి. ఫిబ్రవరి దాటితే మన తీరం వెంట నీటి వాలు ఉత్తరం వైపుకి మళ్లుతుంది, మధ్యాహ్నం గాలి కూడా వెనక నుంచి దొరుకుతుంది కాబట్టి అదే సరైన నెల. చేపలు పట్టే సామాను అమర్చే పని నాకు అప్పగించాడు. ఆయన మనసులో ఉన్నది ఖరీదైన రాడ్డు, రీలు. నాకు మాత్రం ముందు మన నెల్లూరు తీరంలో అడిగి చూద్దామనిపించింది, ఎందుకంటే ఫైబర్ బోటు వెనక గాలం కట్టి వంజరం పట్టేవాళ్లు అక్కడ ఉన్నారు, వాళ్లలో ఎవరి దగ్గరా నేను రాడ్డు చూడలేదు.

నెల్లూరు నుంచి ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నం, అక్కడి నుంచి వెనక్కి వచ్చి అల్లూరు దాటి ఇసకపల్లి, ఆ తర్వాత జువ్వలదిన్నె. బైకు మీద రొయ్యల చెరువుల గట్ల వెంట పోతుంటే ఎదురుగాలికి ఉప్పు పెదాల మీదే తెలుస్తుంటుంది. జువ్వలదిన్నె దగ్గర ఒక పట్టపుపాలెంలో, అంటే జాలర్ల పల్లెలో, వల బాగుచేసుకుంటున్న పెద్దాయన పక్కన కూర్చుని, మామా, మాది తెరచాప పడవ, గాలం ఎట్లా కట్టాల అని అడిగాను. ఆయన వల మీద నుంచి తల ఎత్తకుండానే చెప్పాడు: "మీది ఇంజను ఆపితే ఆగే బోటు కాదు గదా అబ్బయ్యా. గాలి ఉన్నంతసేపు పోతానే ఉంటది. చేప పడినాక దాంతో ఆడతా కూర్చునే తీరిక మీకు యాడుంది? దారం తెగకూడదు, చెయ్యి కొయ్యకూడదు, అంతే."

రాడ్డు, రీలు పనిచేసేదే సన్న దారాన్ని కొంచెం కొంచెంగా వదులుతూ చేపని అలసిపోనివ్వడం మీద. దానికి బోటు ఆగాలి, లేదా చేప వైపు తిరగాలి. వెనక గాలితో తెరచాపలు విప్పుకుని పోతున్న పడవని అలా ఆపాలంటే ఇద్దరు మనుషులకి చేతినిండా పని, ఈలోగా రీలు మీద ఉన్న దారమంతా అయిపోతుంది. పైగా రీలు లోపలికి ఉప్పు నీళ్లు పోతే తరచూ విప్పి కడగాలి. దూరప్రయాణపు పడవ మీద కడగాల్సిన వస్తువులు ఇప్పటికే చాలా ఉంటాయి.

అందుకని ఆయన చెప్పినట్టే రెండు లైన్లు కట్టాను. ఒక్కొక్కటి రెండు మిల్లీమీటర్ల మందం నైలాన్ దారం, ఒకటి పదిహేను మీటర్లు, ఇంకోటి ముప్పై. అంత లావు దారం చేతికి పట్టు దొరుకుతుంది, సులభంగా కోయదు. దారం కొస పడవ వెనక ఇనప కొక్కేనికి గట్టిగా కట్టాలి, కానీ చేప పడ్డప్పుడు ఆ కుదుపు నేరుగా కొక్కెం మీద పడితే గాలం చేప నోరు చీల్చుకుని వచ్చేస్తుంది. మధ్యలో సైకిల్ ట్యూబు ముక్క కట్టి, దాని పక్కన దారాన్ని కొంచెం వదులుగా ఉంచితే ట్యూబు సాగి ఆ దెబ్బని తీసుకుంటుంది. చేప పడిందన్న సంగతి కూడా ఆ ట్యూబే చెబుతుంది. ఈ మొత్తం సామానులో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. పంక్చర్ షాపులో ఊరికే ఇచ్చారు.

దారం రెండో చివర తిరిగే కొండి, అంటే స్వివెల్. నీళ్లలో ఎర గిరగిరా తిరిగితే దారం మెలికలు పడకుండా అది చూసుకుంటుంది. ఆ తర్వాత రెండు మీటర్ల స్టీలు తీగ. వంజరం పళ్లు కత్తెరలాంటివి, నైలాన్ ఎంత లావున్నా ఒక్క కొరుకుతో పోతుంది. తీగకి ముడి నిలవదు, చిన్న లోహపు గొట్టంలో రెండు పొరలు దూర్చి నొక్కుడు పటకారుతో నొక్కాలి. ఆ పని మామూలు కటింగ్ ప్లేయరుతో చేస్తే పట్టు సరిగా రాదు, అందుకే దానికోసమే చేసిన పటకారు కొన్నాను. గాలం మూడు ముళ్లది వద్దు. ఊగే పడవ మీద కొట్టుకుంటున్న చేప నోట్లో నుంచి అది తీసేలోపు మన చేతికి దిగుతుంది. జంట గాలం చాలు. ఎరకి సీసం తల, దాని చుట్టూ రబ్బరు కణవ (స్క్విడ్) ఆకారపు కుచ్చు. రెండో దానికి పెద్దాయన తెల్ల కోడి ఈకలు, మెరిసే ప్లాస్టిక్ పీలికలు కలిపి తనే కట్టిచ్చాడు.

సాయంత్రం ఆరింటికి చెన్నై వదిలాం. రాత్రంతా ఐదు నాట్లకు, అంటే గంటకి ఐదు నాటికల్ మైళ్లకు, అటూ ఇటూగా పోయి, తెల్లవారేసరికి ఆర్మగాన్ లైటుహౌసు ఎడమ వైపు కనిపించింది. దుగరాజపట్నం ఒడ్డు అది, చెన్నపట్నం కంటే ముందే, 1620ల్లోనే ఇంగ్లీషు కంపెనీ స్థావరం పెట్టుకున్న చోటు. దానికి ఎదురుగా నీళ్ల కింద పొడుగాటి ఇసుక తిప్ప ఉంది, అందుకని చాలా బయటగా పోయాం. లోపలగా పోకపోవడానికి ఇంకో కారణం వలలు. రాత్రి దీపాలు పెట్టి, జెండా కర్రలు నిలబెట్టి మైళ్ల పొడుగునా వలలు వేసి ఉంటారు. మన పడవ అడుగు తగిలి ఒక వల చిరిగితే ఆ ఇంటికి నెలల తరబడి అప్పు. సరదాకి పోయేవాళ్లం మనం, దారి తప్పుకోవాల్సింది మనమే.

వెలుగు రాగానే రెండు లైన్లూ వదిలాను. ఎర అల ముఖం మీద ఉండేలా చూసుకోవాలి, అల వెనక్కి పడితే ఒక మీటరు లాగడమో వదలడమో. మధ్యమధ్యలో పైకి తీసి చూడాలి, నాచు పట్టిన ఎరని ఏ చేపా ముట్టదు. కృష్ణపట్నం ఎదుట లంగరేసి ఉన్న బొగ్గు ఓడలు దాటిపోయాయి, ఏమీ పడలేదు. మైపాడు సూటిలోకి వచ్చాక, గాలి ఆగ్నేయం నుంచి బలంగా అందుకున్నప్పుడు, ట్యూబు ఒక్కసారిగా బారెడు సాగింది.

బావ చుక్కాని కొంచెం గాలి వైపు తిప్పి పడవ వేగం తగ్గించాడు. నేను తోలు గ్లౌజులు వేసుకుని చేయి మార్చి చేయి లాగుతూ, లాగిన దారం బక్కెట్లో పడేలా చూసుకున్నాను. దారాన్ని చేతికి మాత్రం ఎప్పుడూ చుట్టకూడదు, చేప ఒక్క గుంజు గుంజితే వేళ్లు పోతాయి. కాళ్ల కింద కుప్పగా పడనివ్వకూడదు కూడా. వంజరమే, నాలుగు కిలోలు ఉండొచ్చు. కొక్కెం కర్రతో పైకి లాగి మొప్పల్లో కొంచెం రమ్ము పోస్తే కొట్టుకోవడం ఆగింది. వెంటనే మొప్పల దగ్గర కోసి రక్తం వంచేశాం. ఇది రుచి కోసమే కాదు. వంజరం, సూర లాంటి చేపలు ఎండలో ఉంటే వాటి కండలో హిస్టమిన్ తయారవుతుంది, ఒళ్లంతా దద్దుర్లు, తలనొప్పి, వాంతులు. వండినా అది పోదు. అందుకే కోసిన ముక్కలు నేరుగా ఐసు పెట్టెలోకి పోయాయి.

ఇక రెండు లైన్లూ పైకి తీసేశాను. ఉన్న ఐసు అంతే, తినేది ఇద్దరం. ఇంకోటి పడితే పారేయాల్సి వస్తుంది. మధ్యాహ్నం జువ్వలదిన్నె సూటిలో పోతూ పచ్చి మామిడికాయ వేసి పులుసు పెట్టాం. బావ ఇంకా రాడ్డు సంగతి ఎత్తుతాడేమో అనుకున్నా, ఆ ట్యూబునే పట్టుకుని సాగదీసి చూస్తూ ఉండిపోయాడు.

రామాయపట్నం దగ్గర పొద్దు వాలుతుంటే గాలి పడిపోయి ఇంజను వేయాల్సి వచ్చింది. ఆ టైంలో నీళ్లలో లైను ఉండి ఉంటే ప్రొపెల్లర్‌కి చుట్టుకునేది, చీకట్లో నీళ్లలోకి దిగి కోయాల్సిన పని. ఇంజను తాళం పక్కనే 'గాలాలు తీశావా' అని టేపు మీద రాసి అంటించాం. కొత్తపట్నం దీపాలు రాత్రి పది దాటాక కనిపించాయి.

ఇప్పుడు పడవలో స్పేరు డబ్బా ఒకటి ఉంటుంది: నాలుగు ఎరలు, తీగ చుట్ట, గొట్టాలు, ఇంకో ట్యూబు ముక్క, గాలం మొన పదును పెట్టడానికి ఆకురాయి. వాడిన ప్రతి గాలాన్నీ మంచినీళ్లలో ముంచి ఆరబెట్టి అందులో వేస్తాం. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో ఆ డబ్బా తెరవం.