యాభై మీద ఒక్క డాలరు

మా ఫోర్‌మన్ కూతురి పెళ్ళి. సింగపూర్‌లో పెద్ద వయసు వాళ్ళని అందరూ అంకుల్ అంటారు కాబట్టి మాకూ ఆయన అంకులే. చైనీయుడు, అరవై దాటినవాడు. 2018లో తిత్లీ తుపాను మా కొబ్బరితోటని పడగొట్టాక నేను ఈ దేశం వచ్చి, షిప్‌యార్డులో ఆయన కింద చేరాను.

పెళ్ళికి వారం ముందు పెళ్ళి కేకుల డబ్బాలు తెచ్చి మా అందరికీ పంచాడు. తినేసి మూతి తుడుచుకుంటే ఏం మర్యాద? సోంపేట, కవిటి వైపు వాళ్ళం అయిదుగురం తలా పది డాలర్లు వేసుకున్నాం. పది అంటే మన డబ్బుల్లో ఆరువందల పైమాటే. యాభై అయింది. పైన ఒక డాలరు బిళ్ళ నేను వేశాను. ఉత్త సున్నాతో చదివింపు ఎవడిస్తాడు? చేతికి దొరికిన తెల్ల కవరులో పెట్టి, రెండు చేతులా ఇచ్చాను.

ఆయన కవరుని తడిమాడు. బిళ్ళ తగిలింది కాబోలు, విప్పి చూశాడు. నన్ను గ్యాస్ సిలిండర్ల వెనక్కి తీసుకెళ్ళి, "వైట్ నో గుడ్, ఫిఫ్టీ వన్ నో గుడ్" అన్నాడు. చావింటికి ఇచ్చే డబ్బట అది. అరవలేదు. అరిచినా బాగుండేది.

తెల్ల కవరు, బేసి డబ్బు వీళ్ళలో చావుకి. దుఃఖానికి జత కుదరకూడదని బేసి. పెళ్ళికి ఎర్ర కవరు, సరి సంఖ్య. మంచి ఎప్పుడూ జంటగా రావాలి. పెళ్ళింట్లో అంటించే ఎర్ర కాగితం మీద కూడా సంతోషం అన్న అక్షరాన్ని రెండుసార్లు కలిపి రాస్తారు. సరి సంఖ్యే అయినా నాలుగు పనికిరాదు, పలికితే చావు అన్న మాటలా వినిపిస్తుందని. ఎనిమిదంటే ప్రాణం, అది కలిసిరావడం అన్న మాటలా ఉంటుందని.

ఆ రాత్రి డార్మిటరీలో నిద్ర పట్టలేదు. కోపం వచ్చింది, అబద్ధం ఎందుకు. మన లెక్కలో సున్నా అంటే ముగిసిపోయినట్టు. ఆ ఒక్కటీ మళ్ళీ మీ ఇంటికొస్తాం, మీరూ రండి అని చెప్పడానికి. దాన్ని పాడె డబ్బు చేసేస్తారా? చైనా పంచాంగం ఏడో నెలలో ఆత్మల కోసం వీళ్ళు డ్రమ్ముల్లో దొంగ నోట్లు తగలబెడతారు. ఆ బూడిద ఎగిరొచ్చి మీద పడుతున్నా నేనెప్పుడైనా నవ్వానా? (నవ్వాను, ఒకసారి. చాటుగా.)

కానీ నాలుగు సంగతి తలుచుకుంటే మా తాత గుర్తొచ్చాడు. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనేవాడు కాదు, "లాభం" అనేవాడు. లాభం, రెండు, మూడు... ఆరు దాకా వచ్చాక కుంచం ఒక్క క్షణం ఆగేది. "ఆరున్నొకటి" అని బోర్లించేవాడు. ఏడు అంటే ఏడవమన్నట్టేనని. చిన్నప్పుడు నేను పక్కన నిలబడి "ఏడు" అని అరిచి, ఆ ధాన్యం దుమ్ము చేత్తోనే మొట్టికాయ తిన్నాను. తాతకి చెవిలో ఏడుపు పడింది, అంకుల్‌కి వేళ్ళకి చావు తగిలింది. అయినా తాత నన్ను మొట్టాడు, ఈయన మొట్టలేదు. అదే నన్ను ఎక్కువ పొడుస్తోంది.

ఆదివారం అమ్మకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను, నా తరఫున నాలుగు మాటలు అంటుందని.

"ఏటిరా? పెళ్ళోరికి మూలలకి పసుపైనా రాయకుండా తెల్లకవరు ఇచ్చీసినావా?" అంది. "బుద్ధుందేటి నీకు?"

పసుపు! వంటగదిలో పప్పు డబ్బా పక్కనే ఉంది. మన పెళ్ళిళ్ళకి నేనెప్పుడూ కవరు తయారుచేసిన పాపాన పోలేదు, అమ్మ రాసిచ్చింది పట్టుకెళ్ళడమే.

"తరవాతేటి చేసినాడు ఆ పెద్దాయన?"

చెప్పాను. బిళ్ళ తీసి నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. తన సంచిలోంచి ఎర్ర కవరు తీసి, మా యాభై అందులో పెట్టి నాకిచ్చాడు. ఇప్పుడివ్వు అన్నట్టు తనే రెండు చేతులూ చాచాడు. నేను ఇచ్చాను. మొదటిసారి తీసుకుంటున్నట్టే తలవంచి తీసుకున్నాడు.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. "మంచోడురా" అంది చివరికి. మళ్ళీ వెంటనే, "ఆ బిళ్ళ ఏటి చేసినావు?"

లాకర్‌లో ఉందన్నాను. ఖర్చుపెట్టడానికి చెయ్యి రావడం లేదు, ఉంచుకోవడానికి మనసు ఒప్పడం లేదు.

"ఇంటికి మాత్రం తేకు. విశాఖపట్నంలో దిగి వచ్చీటప్పుడు అరసవల్లిలో ఆగి హుండీలో వేసీసి రా."

రథసప్తమికి సెలవు అడిగాను. అంకుల్ ఎందుకన్నాడు. ఊళ్ళో పండగ అని చెప్పాను, బిళ్ళ సంగతి చెప్పలేదు.