చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోతుందనుకున్నాను

ముందు షాకులు కారుతున్నాయని నాకు మొదట చెప్పింది కళ్ళు కాదు, బ్రేకు. లీవర్ ఎంత నొక్కినా బండి ఆగాల్సినంత ఆగట్లేదేమిటని వంగి చూస్తే ఎడమ పైపు చుట్టూ నూనె వలయం, దాని కింద ఫోర్క్ బాటమ్ మీదుగా జిడ్డు చార, ఆ చార నేరుగా బ్రేక్ ప్యాడ్లు ఉండే కాలిపర్ దాకా. 30 ఏళ్ళు దాటిన బండి కదా, ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీల్ పోవడంలో వింతేమీ లేదు. కానీ ఆయిల్ తాగిన బ్రేక్ ప్యాడ్లను ఎంత కడిగినా నమ్మలేం, అవి నేరుగా చెత్తబుట్టలోకే పోయాయి.

అయితే సీల్ ఒక్కటే మార్చి మూసేయాలనిపించలేదు. ఈ ఫోర్కుతో, అంటే ముందు షాకుల జతతో, నాకు పాత పంచాయితీ ఒకటుంది. బ్రేకు వేస్తే ముక్కు నేలకి తగిలేటట్టు దిగిపోతుంది, అదే బండి చిన్న గుంతలో పడితే మాత్రం మణికట్టు విరిగినట్టు కొడుతుంది. మెత్తగా ఉందనాలో గట్టిగా ఉందనాలో తెలియదు. రెండేళ్ళ క్రితం ఆయిల్ మార్చినప్పుడు, ముక్కు దిగడం తగ్గుతుందని 10డబ్ల్యూ పోయాల్సిన చోట ఇంకా చిక్కటి 20డబ్ల్యూ పోశాను. దిగడం కాస్త నిదానంగా జరిగింది, కానీ దిగాల్సినంతా దిగింది. గుంతల్లో దెబ్బ మాత్రం రెట్టింపయింది. పైగా వరసగా గతుకులు వస్తే పైపు మళ్ళీ పైకి లేచేలోపే ఇంకో గతుకు వచ్చి, ఫోర్కు అలాగే అణిగి ఉండిపోయేది.

ఎందుకలా అయిందో అర్థం కావడానికి లోపల ఏముందో చూడాలి. పాత బండ్లలో ఎక్కువగా ఉండేది డ్యాంపర్ రాడ్ ఫోర్కు. అందులో ఒక స్ప్రింగు, కొంచెం ఆయిలు, అడుగున బోల్టుతో బిగించిన ఒక గొట్టం లాంటి రాడ్, దానికి నాలుగైదు రంధ్రాలు ఉంటాయి. అంతే. ఆయిల్ డ్యాంపింగ్ ఉన్న టెలిస్కోపిక్ ఫోర్కుని బీఎండబ్ల్యూ 1935లో ఆర్12 మీద అమ్మకానికి తెచ్చింది, ఇరుకు దారిలోంచి ఆయిల్ని తోసి ఊపుని చంపడం అనే సూత్రం ఇప్పటికీ అదే.

తిరకాసంతా ఆ రంధ్రాల్లో ఉంది. నీళ్ళు నింపిన సిరంజిని మెల్లగా నొక్కండి, హాయిగా కారిపోతుంది. ఒక్కసారిగా గుద్దండి, బొటనవేలు నొప్పి పుడుతుంది. రంధ్రం సైజు మారదు కాబట్టి వేగం రెట్టింపైతే అది చూపే నిరోధం దాదాపు నాలుగింతలవుతుంది. బ్రేకు వేసినప్పుడు పైపు దిగేది నిదానమైన కదలిక, అక్కడ రంధ్రాలు ఏమీ ఆపవు. గుంత అంచు తగిలినప్పుడు కదలిక చాలా వేగం, అక్కడ ఆయిల్ పోలేక ఫోర్కు కర్రలా బిగుసుకుంటుంది. చిక్కటి ఆయిల్ పోస్తే ఈ రెండో జబ్బు ముదురుతుంది. ఇక బ్రేకు పట్టుకునే ఉంటే ముక్కు ఎంత లోతుకి దిగి ఆగుతుందనేది స్ప్రింగు తేల్చే విషయం, ఆయిల్‌ది కాదు. నేను స్ప్రింగు చేయాల్సిన పనిని ఆయిల్‌కి అప్పజెప్పాను.

అందుకే ఈసారి విప్పే ముందు కొలిచాను. పైపుకి ఒక జిప్ టై కట్టి డస్ట్ సీల్‌కి ఆనించి, చక్రం గాలిలో ఉన్నప్పుడు పైపు ఎక్కడుందో, నేను కూర్చున్నప్పుడు ఎంత దిగిందో, ఆ తేడా చూడటమే. పాత ఫోర్కుల్లో రాపిడి ఎక్కువ కాబట్టి ఒకసారి పైకి లేపి మెల్లగా వదిలి, ఒకసారి కిందకి నొక్కి మెల్లగా వదిలి, రెంటికీ సగటు తీసుకోవాలి. నా ఫోర్కు మొత్తం ప్రయాణం 140 మిల్లీమీటర్లు, నేను కూర్చోగానే అందులో 62 అయిపోతోంది! రోడ్డు బండికి మూడో వంతు లోపు ఉంటే మంచిది. అంటే బ్రేకు వేయకముందే దాదాపు సగం ఖర్చు. దీన్ని స్ప్రింగు మీద ఉండే స్పేసర్ గొట్టం పొడవు పెంచి సరిచేయొచ్చు కదా అనిపిస్తుంది, నేనూ అనుకున్నాను. కానీ స్పేసర్ పెంచితే బండి నిలబడే ఎత్తు మారుతుంది తప్ప స్ప్రింగు గట్టిపడదు, ప్రతి మిల్లీమీటరుకీ అది చూపే బలం అంతే ఉంటుంది. కాబట్టి నా బరువుకి తగిన కొత్త స్ప్రింగులు, వాటితో పాటు ఎమ్యులేటర్లు తెప్పించాను. వాటి సంగతి తర్వాత.

విప్పడం సగం క్రమశిక్షణ, సగం తిట్లు. ఇంజన్ కింద గట్టి ఆసరా పెట్టి ముందు చక్రం లేపాలి, కాలిపర్‌ని హోస్ మీద వేలాడనీయకుండా తీగతో పైన కట్టేయాలి. పైపులు బండికి ఉండగానే పైన పైపుల్ని పట్టి ఉంచే టీ బిగింపు వదులు చేసి, పైపు మూత బోల్టుని పావు మర తిప్పి ఉంచుకోవాలి, బయటికి తీశాక పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మూత కింద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. చివరి మర దగ్గర మొహం దూరంగా పెట్టి అరచేత్తో అదిమి పట్టుకోండి.

నేను తప్పు చేసింది అడుగు బోల్టు దగ్గర. అది లోపలి డ్యాంపర్ రాడ్‌ని పట్టుకుని ఉంటుంది. స్ప్రింగు లోపల ఉన్నంతసేపూ ఆ ఒత్తిడికి రాడ్ తిరగకుండా ఉంటుంది కాబట్టి ముందు ఈ బోల్టు వదులు చేసుకుని, తర్వాత స్ప్రింగు తీయాలి. నేను తొందరలో స్ప్రింగు లాగేశాను. ఇక బోల్టు తిప్పితే రాడ్ కూడా దాంతో పాటే గిరగిరా తిరుగుతోంది. మళ్ళీ స్ప్రింగు వేసి, మూత బిగించి, ఫోర్కుని నేలకి అదిమిపట్టి ఎంత తంటాలు పడ్డా రాలేదు. చివరికి ఇంపాక్ట్ గన్ పెడితే రెండు సెకన్లలో వచ్చింది. ఆ బోల్టు కింద ఉండే రాగి వాషర్ మాత్రం పాతది మళ్ళీ వాడకండి, సీల్ కొత్తదై ఉండి కూడా కింద నుంచి కారుతుంది.

బయటికొచ్చిన ఆయిల్ బూడిద రంగులో, చేపలు కుళ్ళినట్టు వాసన. రెండేళ్ళ ఆయిలే అది! ఆ మెరుపు బూడిద అంతా అరిగిన అల్యూమినియం. పైపు జారే చోట ఉండే బుష్‌లు చూస్తే నల్లటి టెఫ్లాన్ పూత పోయి రాగి రంగు బయటపడింది, కాబట్టి అవీ కొత్తవే. పైపుల్ని అద్దం పలక మీద దొర్లించాను, వంపు లేదు. సీల్ పాకే మేరలో తుప్పు గుంతలు రెండు దొరికాయి, గోరు తగిలేంత చిన్నవి. వాటి పదును అంచుల్ని సానరాయితో, ఆయిల్ వేసి, చాలా మెల్లగా తీసేశాను. ఇంకొంచెం పెద్దవై ఉంటే కొత్త పైపులో, మళ్ళీ క్రోమ్ పూతో తప్పేది కాదు, ఎందుకంటే ఆ అంచు ప్రతి గతుకుకీ కత్తిలా సీల్ పెదవిని కోస్తుంది. సీల్ ఎక్కించేటప్పుడు పైపు కొసకి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి, దాని మీద ఆయిల్ రాసి జార్చాలి. లోపలికి దిగ్గొట్టడానికి పాత సీల్‌ని మీద పెట్టి, సరైన సైజు పీవీసీ గొట్టంతో సమంగా తట్టాను. రింగు క్లిప్ గాడిలో టక్కున కూర్చున్న శబ్దం వినిపించే దాకా ఆపకూడదు.

ఒక మాట, సీల్ కారిన ప్రతిసారీ ఇంత చేయక్కర్లేదు. చాలాసార్లు పెదవి కింద ఇసుక రేణువు ఇరుక్కుని ఉంటుంది. డస్ట్ సీల్ పైకి లేపి, పాత కెమెరా ఫిల్ము ముక్క లాంటి పల్చటి ప్లాస్టిక్‌ని సీల్‌కీ పైపుకీ మధ్య దూర్చి చుట్టూ తిప్పితే మట్టి బయటికొచ్చి లీకు ఆగిపోతుంది. ముందు అది చేసి చూడండి. నేనూ చేశాను, నాది ఆగలేదు.

ఇక ఎమ్యులేటర్లు. ఇది డ్యాంపర్ రాడ్ నెత్తిన కూర్చునే చిన్న వాల్వు, స్ప్రింగు దాన్ని పైనుంచి అదిమి పట్టుకుంటుంది. ఆయిల్ నిదానంగా వస్తే సన్నటి దారిలోంచే పోనిస్తుంది, అంటే బ్రేకు వేసినప్పుడు నిరోధం చూపిస్తుంది. గుంత దెబ్బకి ఆయిల్ ఎగదన్నితే చిన్న స్ప్రింగు మీది పలక లేచి పెద్ద దారి తెరుస్తుంది. పాత రంధ్రాలు చేసే పనికి సరిగ్గా తిరగేసి! అయితే ఇది పనిచేయాలంటే రాడ్ అడుగున ఉన్న కంప్రెషన్ రంధ్రాలు అడ్డు రాకూడదు, వాటిని 8 మిల్లీమీటర్లకి పెంచి మొత్తం ఆరు చేయాలి. మంచి రాడ్‌కి డ్రిల్ పెట్టేటప్పుడు చెయ్యి వణికింది, దాచుకోను. పైన ఉండే చిన్న రీబౌండ్ రంధ్రాల జోలికి పోవద్దు. పైపు తిరిగి పైకి లేచే వేగాన్ని అవే చూసుకుంటాయి, దానికి వాల్వుతో సంబంధం లేదు. స్ప్రింగు గట్టిదైంది కాబట్టి అది వెనక్కి తన్నేదీ ఎక్కువే, అందుకని ఈసారి 15డబ్ల్యూ పోశాను. అంటే చిక్కటి ఆయిల్‌కి కూడా ఒక పని ఉంది, నేను అడిగిన పని కాదు. ఇంకోటి, డబ్బా మీది ఈ డబ్ల్యూ అంకెల్ని కంపెనీ మార్చి పోల్చకండి, ఒకరి 10 ఇంకొకరి 15 దగ్గర ఉండొచ్చు. 40 డిగ్రీల దగ్గర చిక్కదనం ఎన్ని సెంటీస్టోక్‌లో చూసి పోల్చాలి.

ఎమ్యులేటర్ ఎత్తు ఎంత ఉందో అంత స్పేసర్ తగ్గించడం మర్చిపోబోయాను, మూత బిగియకపోతే గుర్తొచ్చింది. ఆయిల్‌ని మిల్లీలీటర్లలో కాకుండా మట్టం చూసి పోశాను: స్ప్రింగు లేకుండా, ఫోర్కు పూర్తిగా అణిచి, పదిహేను ఇరవై సార్లు పంపు చేసి గాలి పోయాక, పై అంచు నుంచి 130 మిల్లీమీటర్లు. ఆ పైన మిగిలే గాలి కూడా ఒక స్ప్రింగే, ఫోర్కు చివరికంటా దిగేటప్పుడు అదే ఆదుకుంటుంది, కాబట్టి రెండు వైపులా మట్టం ఒకేలా ఉండాలి.

బిగించేటప్పుడు చక్రం ఇరుసుని బిగించి పట్టుకునే యాక్సిల్ పించ్ బోల్టు చివరికి ఉంచుకుని, ముందు బ్రేకు పట్టి ఫోర్కుని నాలుగైదు సార్లు ఊపి, ఫోర్కు రెండు వైపులూ వాటంతట అవి సర్దుకున్నాకే బిగించాను. అలా కాకపోతే కొత్త బుష్‌లు కూడా పట్టేసినట్టు కదులుతాయి.

ఇప్పుడు కూర్చుంటే 41 దిగుతోంది. బ్రేకుకి ముక్కు దిగుతుంది గానీ ఒక చోట ఆగి నిలబడుతుంది. గుంత అంచు తగిలితే శబ్దం వినిపిస్తోంది, మణికట్టుకి మాత్రం అందట్లేదు. వాల్వు స్ప్రింగుని ఇంకో అర మర వదులు చేయాలేమో, అప్పుడే తెలియదు. జిప్ టై ఇంకా పైపు మీదే ఉంచాను, మొన్న ఒక పెద్ద గోతిలో పడ్డాక చూస్తే 118 దగ్గర ఆగింది.

ముందు వైపు కుదురుకున్నాక తెలిసిందేమిటంటే, వెనక షాకులు రెండూ ఎప్పుడో చచ్చిపోయాయి.