రొట్టెలు తిన్న మర్నాడు

యోహాను సువార్త ఆరో అధ్యాయంలో ఐదు రొట్టెలతో వేలమందికి పెట్టిన అద్భుతం మీద ప్రసంగాలు చాలా విన్నాం. మర్నాడు జరిగింది మాత్రం అరుదుగా వింటాం. తిన్న జనం పడవలెక్కి కపెర్నహూము దాకా వెతుక్కుంటూ వస్తే, రొట్టెలు తిని తృప్తిపడ్డారు కాబట్టే వెతుకుతున్నారని యేసు ప్రభువు ముఖం మీదే చెప్పాడు. ముందు రోజు పంచేటప్పుడు ఎవరు నమ్ముతారు, ఎవరు నమ్మరు అని చూడలేదు. ఆకలిగా ఉన్నారు, పెట్టాడు. శిష్యులుగా ఉండే సంగతికొచ్చేసరికి మాట ఏమాత్రం తగ్గించలేదు. చాలామంది వెళ్ళిపోయారు. వాళ్ళను ఆపడానికి ఇంకోసారి రొట్టెలు పంచలేదు. మీరు కూడా వెళ్ళిపోతారా అని పన్నెండుమంది శిష్యులనూ అడిగాడు.

మన ఒంగోలు వైపు సంఘాల్లో 1878 జూలై 3ని తలుచుకోని వార్షికోత్సవం ఉండదు. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. అంకె చెప్పగానే చప్పట్లు. అంతకుముందు ఏడాదికి పైగా, అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బాప్తిస్మాలు ఆపేశారన్న మాట ఎవరూ ఎత్తరు. నాకు అదే గొప్పగా తోస్తుంది. అది 1876–78 నాటి పెద్ద కరువు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు ఆయన తీసుకుంటే ఊళ్ళకు ఊళ్ళు పనికొచ్చాయి. బోధకులు పని చూసుకుంటూనే వాక్యం చెప్పారు. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతూనే ఉన్నారు, ఆయన ఇవ్వలేదు. కూలి కోసం చేరారన్న మాట పడకూడదు. సాయం మాకొద్దు, కష్టపడి బతుకుతాం అంటూ అరచేతుల్లో బొబ్బలు చూపించారట ఆ తర్వాత బాప్తిస్మం అడగడానికి వచ్చినవాళ్ళు.

ఇప్పుడు ఫోన్లలో మన క్రైస్తవుల్ని బియ్యం బస్తాలకు అమ్ముడుపోయినవాళ్ళు అంటున్నారు. మన కుర్రాళ్ళు ఉడికిపోయి తిట్టుకు తిట్టు పెడుతున్నారు. నాకూ బాధే. మా నాయనమ్మది కనిగిరి పక్క పల్లె. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో పోసేది, ఆదివారం గుడికి తెచ్చి ఇచ్చేది. ఇంట్లో మాకు చాలని రోజు కూడా ఆ కుండలో చెయ్యి పెట్టనిచ్చేది కాదు. బియ్యం ఆమె ఇచ్చింది గానీ పుచ్చుకోలేదు.

కానీ తమ్ముళ్ళారా, ఆ మాటకు మనమే చోటిస్తున్నాం. అప్పులు తీరతాయి, వీసా వస్తుంది అని పిలుస్తున్నాం. దుప్పటి ఇచ్చే ముందు ప్రార్థన కూటంలో కూర్చోబెడుతున్నాం, ఫోటో తీసి పంపుతున్నాం. వద్దు. తుఫానొచ్చినా జబ్బు చేసినా ముందు అన్నం పట్టుకెళ్ళండి, ఏ దేవుడికి మొక్కుతారని అడక్కండి. పక్కింటివాళ్ళ పూజను మైకులో తక్కువ చేసి మాట్లాడకండి. బాప్తిస్మం అడిగినవాళ్ళకు కొన్ని నెలలు వాక్యం నేర్పండి. ఈలోగా మానుకునేవాళ్ళుంటే బతిమాలకండి, వాళ్ళింటికి రాకపోకలు మాత్రం మానకండి. చలికాలం సభలకు చందాలు మొదలయ్యాయి. ఈసారి ఫ్లెక్సీ మీద అద్భుతాల మాట తీసేసి, ప్రభువు పేరు, టైము, స్థలం వేయించండి.